పన్నెండో ఇల్లు

రేవుపేట,
జనవరి 29.

అక్కా,

నీ కార్డు అందింది. తణుకులో బస్సు దిగి చీర దులిపితే చారెడు ఇసుక రాలిందని రాశావు. నాలుగు రోజులకే నీకు అలా అయితే, డ్రాయింగు మాస్టారి ఉద్యోగం అయిపోయాక రెండేళ్ళుగా ఈ సముద్రపు ఊళ్ళోనే గది తీసుకుని ఉంటున్న నా సంగతి ఆలోచించు. అన్నంలో ఇసుక, పక్కలో ఇసుక, రంగుల్లో ఇసుక. తడి రంగు మీదికి గాలి తెచ్చి మరీ పోస్తుంది. మొదట్లో సూదితో ఏరేవాణ్ణి. ఇప్పుడు మానేశాను.

ఫోను ఎత్తనని మళ్ళీ సాధించావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో సగం మాటలే వినపడతాయి, మిగతా సగం నేను కల్పించుకుంటాను. ఉత్తరమైతే నువ్వు తిట్టిన తిట్టు కూడా పొల్లు పోకుండా అందుతుంది. కాబట్టి రాస్తూ ఉండు.

నువ్వు వెళ్ళిన మర్నాడు కొంప మునిగినంత పనైంది. ఈశాన్యపు గాలి పొద్దున్నుంచీ గోలగానే ఉంది. మానేయాల్సింది. కానీ ఒడ్డు మీది ఇళ్ళ వరస మీద ఆ వెలుగు పడేది ఈ పదిహేను రోజులే. నాలుగడుగుల కాన్వాసు ఆ గాలికి ఎదురు పెడితే అది తెరచాపే. ఈజిల్‌ను లంగరు రాయికి కట్టాను. పదింటికి కట్టు జారింది. ఈజిల్, బొమ్మ, నేను ముగ్గురం కలిసి నీళ్ళ వైపు నడుస్తున్నాం. అంతలో పాపాయి పరుగెత్తుకొచ్చి తాడు మీద పడిపోయింది. అదే, నువ్వు రెండు మధ్యాహ్నాలు ఎవరి అరుగు మీద కూర్చుని టీ తాగావో ఆవిడే. మోచెయ్యి గీరుకుపోయింది. అటు ఆరబెట్టిన చేపలు కాకులు ఎత్తుకుపోతున్నాయి. మొగుడు పోయాక ఆ ఎండుచేపలే ఆవిడకు ఆధారం. అయినా తాడు వదల్లేదు. ఆవిడ అలా కూర్చుని ఉంటే నేను ఇంకో రెండు గంటలు వేశాను. సిగ్గుపడవలసిన మాటే, కానీ వెలుగు అలాంటిది.

మిగిలింది గదిలో నాలుగు రోజులు కూర్చుని ముగించాను. నా బొమ్మలన్నిటిలోకీ ఇదే మంచిదని నాకు అనిపిస్తోంది. వచ్చే నెల కాకినాడలో ప్రదర్శన.

నీ తమ్ముడు,
సూర్యప్రకాశం


తణుకు,
ఫిబ్రవరి 27.

ఒరేయ్ ప్రకాశం,

పేపర్లో నీ ఫోటో చూశాను. ఆ చొక్కా తప్ప ఇంకొకటి లేదా నీకు? పక్కింటివాళ్ళకు, పాలవాడికి, ఆఖరికి గ్యాసు తెచ్చినవాడికి కూడా చూపించాను. అందరూ బాగుందన్నారు. గ్యాసు అతను మాత్రం ఇది ఏ ఊరండీ, మా అత్తవారి ఊరిలా ఉందే అన్నాడు. నీకు అంతకన్నా బిరుదు ఏం కావాలి?

నువ్వు అన్నావని ఒక మాట పెద్ద అక్షరాల్లో వేశారు. "ఎదురుగా లేనిది వేయను, ఉన్నది వదలను." చదివి నవ్వుకున్నాను. హెడ్మాస్టరు గారి బట్టతల బొమ్మకు జుట్టు పెట్టనని పదేళ్ళ వయసులో బెత్తం దెబ్బలు తిన్నవాడివి కదా. అమ్మ వెన్న రాస్తూ, నాలుగు వెంట్రుకలు పెడితే నీ సొమ్మేం పోయిందిరా అని ఏడ్చింది. నువ్వేమో, లేనివి ఎలా పెడతానే అమ్మా అన్నావు. అరవై దాటినా ఆ మొండితనం పోలేదని సంతోషించాను.

ఒకటి అడుగుతాను. బొమ్మ పేపర్లో అరచేతి పాటిదే పడింది. అయినా కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. వరసలో ఆఖరున సరుగుడు చెట్ల పక్కన ఉండాలి కదా పాపాయి ఇల్లు. నాకు చెట్లే కనబడ్డాయి. ఇల్లు అచ్చులో పోయిందా?

అక్క,
వెంకటరత్నమ్మ


రేవుపేట,
మార్చి 9.

అక్కా,

ఉత్తరం అందింది. చొక్కాలు రెండున్నాయి, ఆ రోజు రెండోది తడిసింది.

ప్రదర్శన బాగానే జరిగింది. విశాఖపట్నంలో ఒక హోటలు వాళ్ళు పెద్ద బొమ్మ తీసుకుంటామన్నారు. వాళ్ళ హాలు కట్టడం పూర్తయ్యేదాకా నా దగ్గరే ఉంచమన్నారు. నా జన్మలో ఇంతమంది చూసే గోడ మీదికి నా బొమ్మ ఎక్కడం ఇదే మొదటిసారి.

ఇక్కడ దక్షిణపు గాలి మొదలైంది. ఇప్పుడు ఈజిల్ రెండో వైపు కట్టాలి. ఎండకు రంగు గంటలోనే బిగుసుకుంటోంది.

పేపరు ఫోటోలో ఏం కనబడుతుందే? దాన్ని పట్టుకుని ఇళ్ళు వెతకడమేమిటి? మోకాళ్ళ నూనె రాస్తున్నావా లేదా?

ప్రకాశం


రేవుపేట,
నవంబరు 21.

అక్కా,

నేను బాగున్నాను. ముందు అది చదువు, తర్వాతవి చదువు.

తుపాను తీరం దాటిన రోజు అందర్నీ ముందుగానే బడి భవనంలోకి పంపారు. మనుషులు ఎవరూ పోలేదు. కానీ ఒడ్డు పోయింది. ఇళ్ళు కూలడం కాదు, ఇళ్ళ కింది నేలే లేదు. నేను ఈజిల్ పాతే చోట ఇప్పుడు మొల లోతు నీళ్ళు. ఆ వరసలో ఒక గుంజ కూడా మిగల్లేదు. నీళ్ళు తగ్గాక భీమరాజు తన ఇల్లు ఎక్కడ ఉండేదో చూపించబోయి చెయ్యి ఎత్తాడు. ఎటు చూపించాలో తెలియక దించేశాడు. పడవలున్న పెద్దమనిషి, నలుగురికి చెప్పేవాడు, అలా నిలబడిపోవడం నేను చూడలేకపోయాను.

పాపాయి బడి వరండాలో ఉంది. ఒక సత్తు గిన్నె, రెండు చీరలు తెచ్చుకుంది. మేస్టారూ మీ బొమ్మలు తడిశాయా అని అడిగింది. నా గది ఊరి మధ్యన మెరక మీద ఉంది కదా, అన్నీ క్షేమం. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లలేదు.

పాత చీరలు, దుప్పట్లు ఉంటే పంపించు.

ప్రకాశం


తణుకు,
నవంబరు 27.

ప్రకాశం,

దుప్పట్లు, చీరలు రెండు మూటలు కాకినాడ బస్సులో వేశాను. కండక్టరు నంబరు చీటీ మీద రాశాను, కాంప్లెక్సుకి వెళ్ళి తీసుకో. నీలం అంచు చీర పాపాయికి. అది పాతది కాదు, కొత్తదే. పాతదని చెప్పి ఇవ్వు, లేకపోతే తీసుకోదు.

వాళ్ళకు ఎక్కడైనా చోటు చూపిస్తారా? సంగతులు రాయి.

అక్క


రేవుపేట,
డిసెంబరు 18.

అక్కా,

నీ చీర కట్టుకుంది. పాతదంటే నమ్మలేదు, కానీ తీసుకుంది.

చిత్రమైన సంగతి జరిగింది. ఇళ్ళు పోయినవాళ్ళకు ఊరి పడమటి వైపు మెరకలో స్థలాలిచ్చి ఇళ్ళు కట్టిస్తామన్నారు. ఆర్డీవో గారు వచ్చారు. ఆవిడకు నలభై ఏళ్ళు కూడా ఉండవు, నిదానంగా మాట్లాడతారు. చిక్కేమిటంటే అది ఇసుక నేల. ఇంటి నంబర్లు లేవు, పన్ను లేదు, కాగితం లేదు. రేషను కార్డులో ఊరి పేరే ఉంటుంది, ఒడ్డున ఉన్నారో లోపల ఉన్నారో ఉండదు. లోపలి వీధులవాళ్ళు కూడా మా ఇల్లూ పోయిందని అర్జీలు పెట్టారు. మొత్తం నలభై రెండు. సెల్లు ఫోటోలు చూపిస్తే అన్నిట్లోనూ మొహాలే, వెనకాల తాటాకు ఎవరిదో తేలదు. పైనుంచి తీసిన పటాల్లో చెట్ల నీడల్లో ఏమీ ఆనలేదట. సాక్ష్యం అడిగితే అందరూ అందరికీ చుట్టాలే.

అప్పుడు భీమరాజుకు నా బొమ్మ గుర్తొచ్చింది. బడి హాల్లోకి మోసుకొచ్చారు. ఆర్డీవో గారు చాలాసేపు చూశారు. ఏ ఇంటి ముందు ఏ రంగు తలుపు, ఏ గుంజకు వల వేలాడుతోంది, అన్నీ ఉన్నాయి. ఒడ్డు వరసవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి వేలు పెట్టి ఇది మాదండి అన్నారు. పేపర్లో పడిన తేదీ ఎలాగూ ఉంది. బొమ్మను ఆధారంగా తీసుకుంటామన్నారు. నా చేత ఒక కాగితం రాయించుకున్నారు. ఒడ్డున కూర్చుని, ఉన్నది ఉన్నట్టు, ఏమీ కలపకుండా, ఏమీ తీసివేయకుండా వేశానని. సంతకం పెట్టాను. ముప్పై మూడేళ్ళు పిల్లల చేత కూజాలు, జామకాయలు గీయించినవాడి బొమ్మ ఇంతమందికి నిలువనీడ ఇస్తుందని ఎవరనుకున్నారు?

బొమ్మలో ఉన్న పదకొండు ఇళ్ళవాళ్ళ పేర్లూ చదివారు. పాపాయి పేరు రాలేదు. అభ్యంతరాలుంటే జనవరి పదిలోపు చెప్పుకోమన్నారు. ఆవిడ సంగతి అధికారులు చూసుకుంటారులే.

ప్రకాశం


తణుకు,
డిసెంబరు 23.

ప్రకాశం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడు పేజీలు పొంగిపోయి రాశావు. పాపాయికి మాత్రం మూడు ముక్కలు.

అధికారులు ఏం చూసుకుంటార్రా? వాళ్ళు నీ బొమ్మ చూసుకుంటున్నారు.

నేను ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. గాలికి నోట్లో ఇసుక పడుతుంటే లోపలికి రమ్మని తడిక వేసింది. లోపల గోడకు ఒక అద్దం, చూరులో ఎండుచేపల బుట్ట. టీలో అల్లం వేసింది. నేను ఆ చేపల వాసనకు ముక్కు మూసుకుంటే నవ్వింది. నీ ఈజిల్ అక్కడికి వంద అడుగులు ఉంటుందేమో. వరసలో అన్నిటికన్నా నీకు దగ్గర ఇల్లు అదే. నువ్వు గుంజకు వేలాడే వల వేశావు, తలుపు రంగు వేశావు, ఆ ఇంటిని చూడలేదా?

మార్చిలో ఒక మాట అడిగాను. దానికి నా మోకాళ్ళ నూనె సంగతి రాశావు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. ఆ ఇల్లు బొమ్మలో ఎందుకు లేదు?

అక్క


రేవుపేట,
డిసెంబరు 28.

అక్కా,

తీసేశాను.

రాసేశాను కదా, ఇక మిగతాది రాయడం తేలికే. ఆ ఇంటి కప్పు మీద నీలి బరకం ఒకటి కప్పి ఉండేది. కళ్ళాల్లో ధాన్యం మీద కప్పుతారే, ఆ ముతక నీలం. తాటాకు వరస అంతా గోధుమ వన్నెలో ఒదిగి ఉంటే చివర ఆ నీలం కేక పెట్టేది. దాని పక్కన నా సముద్రం వెలిసిపోయినట్టుండేది. ఒడ్డున ఉన్నప్పుడు వేశాను. అక్కా, నిజంగా వేశాను. గదికి తెచ్చి గోడకు ఆనించి చూస్తే కళ్ళు ముందు దాని మీదికే పోతున్నాయి. రెండు రోజులు పోరాడి, మూడో రోజు కత్తితో గీకేసి ఆ మేరకు సరుగుడు చెట్లు పెంచాను. బొమ్మ కుదుటపడింది. అంత బాగా కుదిరింది కాబట్టే ఆ తర్వాత నేను చేసిన పని మరిచిపోయాను. పేపరువాడితో ఆ మాట అన్నప్పుడు అబద్ధం ఆడుతున్నానని నాకు తెలియదు. కాగితం మీద సంతకం పెట్టినప్పుడు కూడా తట్టలేదు. నమ్మితే నమ్ము.

పేర్లు చదవడం అయ్యాక వెనక నుంచి, "నా పేరు చదవలేదండీ" అంది పాపాయి. అప్పుడు తట్టింది. ఆర్డీవో గారు బొమ్మ వైపు చూసి, నీ ఇల్లు ఇందులో ఎక్కడమ్మా అన్నారు. పాపాయి దగ్గరకొచ్చి సరుగుడు చెట్ల మీద వేలు పెట్టింది. హాల్లో ఎవరో నవ్వారు. నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ చెట్ల వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆ వరసవాళ్ళందరికీ తెలుసు అక్కడ ఇల్లుండేదని. ఒక్కరూ మాట్లాడలేదు. సాయంత్రం భీమరాజు గదికొచ్చాడు. "ఈ బొమ్మ మీద పదకొండు కొంపలు నిలబడ్డాయండీ. ఒకటి తప్పని మీరన్నారంటే లోపలి వీధోళ్ళు అన్నీ తప్పంటారు. పాపాయికి నా దొడ్లో పాక వేసిస్తానండి, మీరు మాత్రం ఊరుకోండి" అన్నాడు. చెడ్డవాడు కాదు. ముగ్గురు ఆడపిల్లలతో బడి వరండాలో పడుకుంటున్నాడు.

నాకు ఒక దారి తోచింది. బొమ్మ మళ్ళీ నా గదికే వచ్చింది. పదో తారీఖున తీసుకెళ్తారు. నీలం నా దగ్గర ఉంది. ఒక్క పూట పని. చెట్లలోంచి ఆ కప్పు ఒక వార కనబడేలా వేసేస్తే చాలు, పోయినసారి సరిగ్గా చూడలేదనుకుంటారు. నేను చేసేది అబద్ధం కూడా కాదు, ఉన్న ఇంటిని ఉన్న చోట పెట్టడమే. ఏమంటావు? వెంటనే రాయి.

ప్రకాశం


తణుకు,
జనవరి 2.

ప్రకాశం,

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందట. ఆర్డీవో గారు చాలాసేపు చూశారని నువ్వే రాశావు. ఫోటో తీసుకోకుండా ఉంటారా? పేపరు ఒకటి ఉండనే ఉంది. రేపు రెండూ పక్కపక్కన పెడితే పాపాయి డ్రాయింగు మాస్టారి చేత దొంగ ఇల్లు వేయించుకుందంటారు. నీ పరువు సంగతి సరే, ఆవిడ ఆ ఊళ్ళో ఎలా తలెత్తుకుంటుంది?

అసలు దొంగతనంగా నిజం చెప్పడం ఏమిట్రా?

భీమరాజు భయం నిజమైనదే. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ ముగ్గురు ఆడపిల్లలు కళ్ళ ముందు మెదులుతున్నారు. నువ్వు నోరు విప్పితే వాళ్ళకు ఏమవుతుందో నాకు తెలియదు. నువ్వు విప్పకపోతే పాపాయికి ఏమవుతుందో తెలుసు. ఇంకొకరి దొడ్లో పాకలో, ఎప్పుడు పొమ్మంటారో అనుకుంటూ బతుకుతుంది. మీద అబద్ధాలకోరు అన్న పేరు.

నేనొచ్చి చెప్పనా అని ఆలోచించాను. అక్క తమ్ముణ్ణి వెనకేసుకొచ్చిందంటారు. కాదు, ఇది నీ చేత్తో చేసిన పని. అడుసు తొక్కావు, కాలు కడుక్కో. నలుగురిలో తొక్కలేదు కానీ నలుగురిలోనే కడుక్కోవాలి.

బ్రష్షు ముట్టుకోకు.

అక్క


రేవుపేట,
జనవరి 12.

అక్కా,

పదో తారీఖు గడిచింది. వరసగా రాస్తాను, అడ్డు రాకు.

బ్రష్షు ముట్టుకోలేదు. తొమ్మిదిన ఒకసారి నీలం గొట్టం మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను. మర్నాడు ఉదయం బొమ్మను హాల్లోకి మోయించి, ఆర్డీవో గారు కూర్చోకముందే లేచి నిలబడ్డాను. ఇందులో పాపాయి ఇల్లు ఉండేదండి, నేనే తీసేశాను, నేను రాసిచ్చిన కాగితం తప్పండి అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను కానీ వినపడలేదు, నా చెవుల వల్ల కాదు. హాలంతా లేచింది. లోపలి వీధులవాళ్ళు బొమ్మే దొంగది, మొత్తం కొట్టేయాలని అరుస్తున్నారు. భీమరాజు నా చెయ్యి పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆర్డీవో గారు నా కాగితం తీసి ముందు పెట్టారు. ఆ రోజు ఏమీ తీసివేయలేదని రాశారు, ఈ రోజు తీసేశానంటున్నారు, మిగతా పదకొండూ మీరు కలిపినవి కావని నేనెలా నమ్మాలి మాస్టారూ అన్నారు. కోపంగా కాదు, అడిగినట్టే అడిగారు. పదకొండు కుటుంబాలు నా మొహం వైపు చూస్తున్నాయి. అక్కా, ఆ నిమిషంలో నిన్ను తిట్టుకున్నాను.

అప్పుడు పాపాయి బొమ్మ దగ్గరికి వెళ్ళింది. కొనేవాళ్ళ ముందు ఎండుచేపను బొటనవేలితో రుద్ది చూపిస్తుంది చూడు, ఇసుక లేదు చూసుకోండి అని. అలాగే ఇళ్ళ మీద రుద్దింది. భీమరాజు ఇంటి మీద, దాని పక్క ఇంటి మీద, చివరికి సరుగుడు చెట్ల మీద. "అంతా ఇసుకేనండి. ఇక్కడ మాత్రం లేదు" అంది.

మూడేళ్ళుగా ఆ ఇసుకను తిట్టుకున్నవాణ్ణి, నాకు ఆ సంగతి తట్టలేదు. ఒడ్డున వేసిన ప్రతి ఇంటిలోనూ గాలి తెచ్చిన ఇసుక రంగుతో పాటే బిగుసుకుపోయి ఉంది. గదిలో వేసిన చెట్లు నున్నగా ఉన్నాయి. ఆర్డీవో గారు లేచి వచ్చి వేళ్ళతో తడిమారు. కళ్ళు మూసుకుని మరీ తడిమారు. వరస మొదటి నుంచి చివరి దాకా గరగర, చెట్ల దగ్గర నునుపు. లోపలి వీధుల పెద్దను పిలిచి ఆయన చేత కూడా తడిమించారు. ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

చెట్ల కింద ఇల్లే ఉందని ఏమిటి నమ్మకం అని ఇంకెవరో అన్నారు. నేను కత్తి, థిన్నరు తడిపిన గుడ్డ తెచ్చుకున్నాను. ఆ చెట్లు నేను వేసినవాటిలో మంచివి, అది కూడా చెప్పాలి. గీకాను. పచ్చ లేచిపోయి ముందు బట్ట కనబడింది, ఆ తర్వాత బట్ట నేతలో ఇరుక్కున్న నీలం. ఇసుకతో సహా. అరచేతి మేర బయటపడగానే చాలన్నారు. పదకొండూ ఉంచి పన్నెండో పేరు రాసుకున్నారు.

అయిపోయిందనుకుని గుడ్డ మడుస్తున్నాను. రికార్డు కోసం ఒక్క మాట, ఎందుకు తీసేశారు మాస్టారూ అని అడిగారు. పాపాయి నా పక్కనే ఉంది. నీ నీలం అంచు చీరలో ఉంది. ఏదో ఒకటి చెప్పవచ్చు. బొమ్మ కుదరలేదండి అనవచ్చు. కాన్వాసు చాలలేదనవచ్చు.

"అందంగా లేదని తీసేశానండి" అన్నాను.

గుమస్తా రాసుకున్నాడు. పాపాయి ఆ నీలం వైపు చూసింది. ఆ తర్వాత, "ఆ బరకం మీరిచ్చిందేనండి మేస్టారూ" అంది.

అక్కా, నిజమే. నేను ఇక్కడికి వచ్చిన ఏడాది మొదటి వానలకు ఆవిడ కప్పు కారుతోందంటే, నా కాన్వాసుల మీద కప్పుకునే బరకం తీసి ఇచ్చాను. ఇచ్చి మరిచిపోయాను. ఆవిడ దాన్ని రెండేళ్ళు నెత్తిన పెట్టుకుని కాపురం చేసింది. నేను దాన్ని చూసి, ఇంత మొరటు రంగు ఎక్కడ దొరికిందో వీళ్ళకు అనుకున్నాను. ఆవిడ కోపంగా అన్నా బాగుండేది. గుర్తు చేసినట్టు అంది, అంతే. చచ్చేంత సిగ్గేసింది. గుడ్డ జేబులో కుక్కుకుని బయటికొచ్చి గదికి ఎలా చేరానో తెలియదు. రెండు రోజులుగా తలుపు తీయలేదు.

హోటలు వాళ్ళకు సెల్లులో సంగతి రాసి పంపాను. చెడిపోయిన బొమ్మ వద్దన్నారు. న్యాయమే. బొమ్మ హాల్లోనే ఉంది, స్థలాలు చేతికి వచ్చేదాకా ఉంచమన్నారు. భీమరాజు పొద్దున తలుపు కొట్టి మజ్జిగ పెట్టి వెళ్ళాడు.

ప్రకాశం


తణుకు,
జనవరి 17.

ప్రకాశం,

బరకం నీదేనని నాకు తెలుసు. నేను వచ్చిన మొదటి రోజే పాపాయి చెప్పింది. చూరు కిందికి తీసుకెళ్ళి, మేస్టారు ఇచ్చింది, రెండు వానాకాలాలు కాచింది అని చూపించింది. ఆ ఇల్లు చూడడానికి వచ్చిన ప్రతి మనిషికీ అదే చూపించేదనుకుంటాను.

నీకు రాద్దామని జనవరి రెండున కలం పట్టుకుని కూడా ఆగిపోయాను. రాస్తే ఆ సిగ్గుతోనే పరుగెత్తి వెళ్ళేవాడివి. నీ బరకం కాబట్టి కాదు, అక్కడ ఒక మనిషి ఇల్లు ఉంది కాబట్టి నువ్వు వెళ్ళి చెప్పాలని నా పట్టుదల. వెళ్ళావు. బొమ్మ పోయిందన్న బాధ నాకూ ఉంది. ఆ చెట్లు పేపర్లో కూడా బాగున్నాయి.

నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు వెతికాను. ఆర్డీవో గారికి చెప్పావు, హాలంతటికీ చెప్పావు, గుమస్తా చేత రాయించావు, నాకు నాలుగు పేజీలు రాశావు. పాపాయితో నువ్వు ఒక్క మాట అన్నట్టు ఎక్కడా కనబడలేదు.

ఈ ఉత్తరం పూర్తిగా చదవనక్కర్లేదు. తలుపు తీసుకుని బడి వరండాకు వెళ్ళు. అక్కడ ఏమన్నావో నాకు రాయకు.

అక్క